ప్రొబేట్ వచ్చేలోపు ఇంటి బిల్లులు: ఒక ఎగ్జిక్యూటర్ కేసు

ఆయన నా దగ్గరికి వచ్చింది అన్నగారు పోయిన ఏడో నెలలో. చేతిలో గుడ్డ సంచీ. అందులోని కాగితాలన్నీ టేబుల్ మీద కుమ్మరించి, "ఇవన్నీ నేను కట్టాలా మేడమ్? కట్టకపోతే నా మీదకొస్తుందా? ఈ రెండు ముక్కలు చెప్పండి చాలు" అన్నారు. ఆ రెండు ముక్కలు పూర్తిగా తేల్చడానికి ఇంకో 12 నెలలు పట్టింది.

కుటుంబం ఎవరో తెలియకుండా ఊరు, దేశం, డబ్బు మొత్తాలు తీసేశాను. కొన్ని వివరాలు మార్చాను. ప్రొబేట్ అంటే వీలునామా సరైందేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ. ఆ పద్ధతి ఉన్న చోట్లన్నిటా మూలసూత్రాలు దగ్గర దగ్గరగానే ఉంటాయి. సెక్షన్ చెప్పాల్సి వస్తే మాత్రం తెలుగువాళ్లకు సులువుగా అందే 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్ట్ నుంచి చెబుతాను. నా దగ్గరికి వచ్చినాయన్ని, అంటే వీలునామాని అమలు చేయాల్సిన ఎగ్జిక్యూటర్‌ని, బాబాయిగారు అంటాను. తగువు పడ్డ అన్నాచెల్లెళ్లిద్దరూ ఆయన్ని అలాగే పిలిచేవారు.

నేపథ్యం

పోయినాయన భార్య అంతకుముందే పోయింది. రెండంతస్తుల ఇంట్లో పైన ఆయనొక్కరే ఉండేవారు, కింద వాటా అద్దెకిచ్చారు. వీలునామాలో ఇల్లు కూతురికి, డిపాజిట్లతో సహా మిగతాదంతా కొడుక్కి రాశారు. ఎగ్జిక్యూటర్‌గా తమ్ముడి పేరు పెట్టారు. మరమ్మతుల కోసం ఇంటిని తనఖా పెట్టి తీసుకున్న లోను ఇంకా తీరలేదు. బిల్లుల సంగతి వీలునామాలో ఎక్కడా లేదు. ఉండదు కూడా. నేను చూసిన వీలునామాల్లో గోడ గడియారం ఎవరికి చెందాలో రాసినవి ఉన్నాయి కానీ, నీళ్ల బిల్లు ఎవరు కట్టాలో రాసింది ఒక్కటీ లేదు.

ప్రొబేట్ పిటిషన్ పడగానే, సంతకం చేసేనాటికి నాన్నకి మతి స్థిమితంగా లేదంటూ కొడుకు కేవియట్ వేశాడు, అంటే తన మాట వినకుండా ప్రొబేట్ ఇవ్వొద్దని కోర్టులో అడ్డు పెట్టాడు. దాంతో కొన్ని నెలల్లో తేలాల్సిన పని సాక్షులు, వాయిదాల దారి పట్టింది.

సమస్య ఎలా వచ్చింది

సంచీలో రెండు మీటర్ల కరెంటు బిల్లులు, నీళ్ల బిల్లులు, జరిమానా కలిపి వచ్చిన ఆస్తి పన్ను నోటీసు, రెండు కిస్తీలు తప్పాయని బ్యాంకు ఉత్తరం, గడువు దగ్గరపడ్డ ఇంటి బీమా, ఆఖరి రోజుల ఆస్పత్రి బిల్లు, ఫోను, ఇంటర్నెట్ బిల్లులు ఉన్నాయి. అన్నిటికంటే అడుగున కొడుకు లాయరు నోటీసు ఉంది. అద్దె డబ్బులు బాబాయిగారు సొంతానికి వాడుకుంటున్నారని ఆరోపణ.

ఆరోపణ తప్పే. కానీ తప్పని చూపించడానికి ఆయన దగ్గర లెక్క లేదు. అద్దె తన సొంత ఖాతాలోనే వేసుకున్నారు. రెండు నెలలు చేతికే తీసుకున్నారు. మొదటి నాలుగు నెలలు ఏ బిల్లు వస్తే ఆ బిల్లు కట్టేశారు. చచ్చిపోయిన మనిషి ఇంటర్నెట్ బిల్లు కూడా. తర్వాత విసుగొచ్చి కూతుర్ని కట్టమన్నారు. ఆవిడ ఒక నెల కట్టి ఆపేసింది. "అన్నయ్య కేసు గెలిస్తే ఇల్లు నాది కాదు. నా డబ్బులు ఎవరిస్తారు బాబాయ్?" అంది. న్యాయమైన ప్రశ్నే. కొడుకుని అడిగితే, "ఇల్లు దానికి రాశారని మీరే అంటున్నారుగా, దాన్నే కట్టమనండి" అన్నాడు. అదీ వినడానికి సబబుగానే ఉంది. ఇద్దరి మధ్యా నలిగి, ఆయన ఆఖరి రెండు నెలలూ ఏదీ కట్టకుండా కూర్చున్నారు.

నేను ముందు ఒక అపోహ తీసేశాను. ప్రొబేట్ ఇంకా చేతికి రాలేదు కాబట్టి తన బాధ్యత మొదలవలేదని ఆయన అనుకుంటున్నారు. ఎగ్జిక్యూటర్ అధికారం వీలునామా నుంచే వస్తుంది. కోర్టు దాన్ని ధ్రువపరుస్తుంది. సెక్షన్ 211 ప్రకారం ఆస్తి అతని చేతిలో ఉన్నట్టే లెక్క. పైగా ఈయన అద్దె వసూలు చేశారు. అలా చెయ్యి పెట్టినాక, నాకీ పదవి వద్దని తప్పుకోవడం అంత తేలిక కాదు.

ఇక ఆయన మొదటి ప్రశ్నకి నేనిచ్చిన జవాబు: "కట్టించే బాధ్యత మీది. కట్టే డబ్బు ఎస్టేట్‌ది." ఎస్టేట్ అంటే పోయినాయన వదిలిన ఆస్తంతా. రెండో ప్రశ్నకి జవాబు ఆయనకి నచ్చలేదు. మామూలుగా బిల్లు బాకీ ఎగ్జిక్యూటర్ జేబులోంచి రాదు. కానీ చేతిలో ఎస్టేట్ డబ్బు ఉండి కూడా కట్టక, దానివల్ల ఆస్తికి నష్టం వస్తే సెక్షన్ 368 కింద ఆ నష్టం ఆయనే పూడ్చాలి. పన్ను గడువు దాటిన రోజున ఆయన ఖాతాలో అద్దె డబ్బు ఉంది.

నేను చేసిన మొదటి పొరపాటు

ప్రొబేట్ తేలేదాకా ప్రతి బిల్లూ అన్నాచెల్లెళ్లు చెరిసగం కట్టండి, తర్వాత సర్దుకుందాం అన్నాను. గొడవ సద్దుమణుగుతుందని నా ఆశ. మూడు వారాలు కూడా నిలవలేదు. సగం కడుతున్నాను కాబట్టి అద్దెలో సగం నాకివ్వండి అన్నాడు కొడుకు. సగం అద్దె ఇస్తే వీలునామా చెల్లదని నేనే ఒప్పుకున్నట్టు కాదా అంది కూతురు. ఇద్దరి వాదనా నేను ముందే ఊహించి ఉండాల్సింది. బిల్లు ఎవరు కడుతున్నారన్నదాన్ని ఇల్లు ఎవరిదన్న ప్రశ్నకి నా చేత్తో నేనే ముడి వేశాను. విడదీయాల్సింది దాన్నే.

రెండోది ఇంకా ఇబ్బందికరం. ఖర్చు తగ్గించాలని అక్కర్లేని కనెక్షన్లు తీసేయించమన్నాను. ఫోను, ఇంటర్నెట్ వరకు సరే. ఖాళీగా ఉన్న పై వాటా కరెంటు కూడా తాత్కాలికంగా తీసేయించాం. మర్నాడు పొద్దున్నే కింద అద్దెకున్నాయన ఫోను: నీళ్లు రావట్లేదు. సంప్ నుంచి ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు, మెట్ల మీది లైటు, రెండూ పై మీటరుకే ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ పోయారు. కనెక్షన్ మళ్లీ రావడానికి ఆరు రోజులు పట్టింది. అద్దెకున్నాయన ఆ నెల అద్దెలో కోత పెట్టుకున్నాడు. నేను తప్పన్లేకపోయాను. అప్పట్నుంచి ఏ కనెక్షన్ తీసేయించాలన్నా ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఇల్లంతా తిరిగి ఏమేం ఆగాయో చూడమంటాను. పది నిమిషాల పని.

బిల్లుని మధ్యకి కోయడం

చెరిసగం పథకం పోయాక సంచీలో కాగితాలన్నీ మళ్లీ మొదట్నుంచి చదివాను. ఈసారి ఎంత కట్టాలన్నది చూడలేదు, ఎప్పటిలోగా కట్టాలన్నదీ చూడలేదు. ప్రతి బిల్లు మీదా చిన్న అక్షరాల్లో ఉండే "ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు" అన్న వరుస ఒక్కటే చూశాను. ఆయన పోయిన తేదీ దగ్గర గీత గీస్తే కాగితాలు వాటంతటవే విడిపోయాయి.

గీతకి ఇవతల వాడుకున్నదంతా ఆయన అప్పు. బిల్లు చావు తర్వాత వచ్చినా సరే. అప్పులు తీరాకే ఎవరి వాటాలైనా అని సెక్షన్ 325 చెబుతుంది. ఈ వీలునామాలో ఆ అప్పులు పడేది మిగతా ఆస్తి మీద, అంటే చివరికి కొడుకు వాటా మీద.

గీతకి అవతలివి ఇంటిని కాపాడుకునే ఖర్చులు. ఇల్లు ఫలానా వారికని విడిగా రాసినప్పుడు, ఎగ్జిక్యూటర్ సమ్మతి ఇచ్చాక ఆ రాత చావు రోజు నుంచే అమల్లో ఉన్నట్టని సెక్షన్ 336. ఆ రోజు నుంచి ఆస్తి మీద వచ్చే నికరాదాయం వారిదేనని సెక్షన్ 349. ఇందులో నాకు పనికొచ్చింది "నికర" అన్న మాట. అద్దె కూతురిదే. పన్ను, మోటారు కరెంటు, మరమ్మతు పోను మిగిలింది ఆమెది. అద్దె తనకి కావాలి, ఖర్చు మాత్రం ఎస్టేట్ భరించాలి అంటే కుదరదు. ఖర్చు చెల్లెలిది, అద్దె మాత్రం అందరిదీ అన్న కొడుకు మాటా కుదరదు.

గీత మధ్యలోంచి పోయే బిల్లుల సంగతేంటి? దీనికి సెక్షన్ 169 కింద ఒక ముచ్చటైన ఉదాహరణ ఉంది. ఏడాదికి 365 రూపాయలు అద్దె కట్టాల్సిన ఇంటిని ఒకాయన వేరొకరికి రాసి, మామూలుగా అద్దె కట్టిన 25 రోజులకి చనిపోతాడు. అప్పుడు ఆయన ఎస్టేట్ 25 రూపాయలు భరించాలి. రోజుకో రూపాయి. ఆ సెక్షన్ భూమి శిస్తు, అద్దెలాంటి వాటి గురించే. అయినా ఆస్తి పన్నుకీ, మీటరు బిల్లులకీ అదే తర్కం వాడాను. చావు రోజున మీటరు రీడింగ్ ఫొటో తీసి ఉంటే కరెంటు బిల్లుకి ఈ రోజుల లెక్క అక్కర్లేకపోయేది. ఆ రోజు ఎవరికి గుర్తొస్తుంది? చావు పడ్డ నెల బిల్లు 31 రోజులది, ఆయన పోయింది 12వ రోజున. 11 రోజులు ఇటు, 20 రోజులు అటు అని వేశాను.

లోను దగ్గర కూతురికి పెద్ద దెబ్బే తగిలింది. ఎస్టేట్ తీర్చేస్తుందిలే అనుకుంది. పోయినాయన తనఖా పెట్టిన ఆస్తిని ఎవరికైనా విడిగా రాస్తే, వీలునామాలో వేరే మాట లేనప్పుడు, పుచ్చుకునేవారు ఆ బరువుతో సహా పుచ్చుకోవాలని సెక్షన్ 167. "అయితే నాన్న నాకిచ్చింది ఇల్లా అప్పా?" అంది. ఇల్లు వద్దనుకునే హక్కు ఆమెకుంది, ఆలోచించుకోమన్నాను. పది రోజుల తర్వాత వచ్చి ఇల్లు కావాలంది.

ఎవరికి ముందు కట్టాలి

ఆ దశలో ఎస్టేట్ అప్పులెన్నో మాకు పూర్తిగా తెలియదు. బాబాయిగారు ఫోను కంపెనీ పాత బాకీ ముందు తీర్చేద్దామన్నారు. రోజూ వాళ్లే ఫోన్ చేస్తున్నారట, టెన్షన్ భరించలేకపోతున్నారట. ఆస్పత్రి వాళ్లు మర్యాదగా ఒకే ఉత్తరం రాసి ఊరుకున్నారు. చట్టంలో వరుస వేరు. అంత్యక్రియల ఖర్చు, ఆఖరి జబ్బుకైన వైద్యం ఖర్చు అన్నిటికంటే ముందు (సెక్షన్ 320). తర్వాత ప్రొబేట్ తెచ్చుకునే ఖర్చు. ఆపైన చనిపోయేముందు మూడు నెలల లోపు పనిచేసినవాళ్ల జీతాలు. మిగతా అప్పులవాళ్లంతా సమానం, డబ్బు చాలకపోతే దామాషాలో పంచాలి. ఎస్టేట్ చాలదని తేలినప్పుడు, గట్టిగా అరిచినవాడికి ముందే కట్టిన ఎగ్జిక్యూటర్ ఇరుక్కుంటాడు. అందుకని ఫోను బాకీ ఆపించి ఆస్పత్రి బిల్లు తీర్పించాం. ఇంటిని నిలబెట్టే పన్ను, కిస్తీ, బీమా మాత్రం అద్దెలోంచి నడిపించాం. అవి ఆగితే జప్తు వరకు పోతుంది, అప్పుడు అప్పులవాళ్లకీ నష్టమే.

ఒక పక్క మాట. ఇంగ్లండ్‌లో యజమాని పోయి ఇల్లు ఖాళీగా ఉండి, పన్ను బాధ్యత ఎస్టేట్‌ది మాత్రమే అయితే ప్రొబేట్ వచ్చిన ఆరు నెలల దాకా కౌన్సిల్ ట్యాక్స్ (అక్కడి స్థానిక ఇంటి పన్ను) ఉండదు. ఇలాంటి వెసులుబాట్లు అడిగితేనే వస్తాయి. అడగాలని తెలియక కట్టేసేవాళ్లున్నారు. బీమా కూడా అంతే. చాలా పాలసీల్లో ఇల్లు 30 రోజులో 60 రోజులో ఖాళీగా ఉంటే రక్షణ తగ్గిపోతుంది. మేం యజమాని పోయారనీ పై వాటా ఖాళీ అనీ కంపెనీకి రాస్తే, వారానికోసారి ఇల్లు చూసి నమోదు చేయాలన్న షరతుతో కొనసాగించారు. బాబాయిగారు ప్రతి ఆదివారం వెళ్లి నోటుబుక్కులో రాసేవారు.

నీళ్ల మీటరు

ఆ ఆదివారాల వల్లే ఇంకోటి బయటపడింది. పైన మనిషి లేకపోయినా నీళ్ల బిల్లు తగ్గకపోగా నెలనెలా పెరుగుతోంది. అద్దెకున్నాయన ఎడాపెడా వాడేస్తున్నాడని కూతురి అనుమానం. ఆ కోపంతో ఖాళీ చేయిస్తానంది కూడా. ముందు మీటరు చూడమన్నాను. రాత్రి పదింటికి ఇల్లంతా కుళాయిలు కట్టేసి, సంప్‌లోకి పోయే వాల్వ్ కూడా మూసి, బాబాయిగారు టార్చి వేసి మీటరు అద్దంలోకి చూశారు. అంకెలు కదలట్లేదు. కానీ పక్కన మిరియపు గింజంత ఎర్ర చక్రం ఉంది చూడండి, అది నెమ్మదిగా తిరుగుతూనే ఉంది. వీడియో తీసి నాకు పంపారు. మీటరుకీ సంప్‌కీ మధ్య భూమిలో పైపు కారుతోంది. పునాది పక్కన మట్టి మెత్తబడి ఉంది.

బాగుచేయించడానికి ఎవర్నీ అడగక్కర్లేదన్నాను. ఆస్తి పాడవుతుంటే ఆపడం ఎగ్జిక్యూటర్ పని. రెండు కొటేషన్లు తీసుకుని, తవ్వకముందు, తవ్వాక ఫొటోలు తీసి, ఇద్దరికీ అదే రోజు మెసేజ్ పెట్టించాను. ఖర్చు ఇంటి పద్దులో పడింది. కారుతున్నది ఎప్పట్నుంచో తేల్చలేం కాబట్టి చావుకి ముందు భాగం విడదీసే ప్రయత్నం చేయలేదు. కొడుకు ఒప్పుకున్నాడు, కూతురు గొణిగి ఊరుకుంది.

చివరికి నడిచింది

బ్యాంకు ప్రొబేట్ లేకుండా ఎస్టేట్ పేరిట ఖాతా తెరవనంది. దాంతో కేవియట్ నడుస్తున్న కోర్టులోనే ఇద్దరి ఒప్పందంతో మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకున్నాం. అద్దె విడి ఖాతాలో పడాలి, జాబితాలో రాసిన బిల్లులు అందులోంచే కట్టాలి, నెలనెలా లెక్క ఇద్దరికీ పంపాలి. అందులో కీలకం ఒకే ఒక్క వాక్యం: ఈ చెల్లింపుల వల్ల వీలునామాను ఎవరూ ఒప్పుకున్నట్టు కాదు, కాదన్నట్టూ కాదు. చెరిసగం పథకంలో లేనిది ఇదే. ఆ వాక్యం పడ్డాక బిల్లుల మీద కొట్లాట దాదాపు ఆగిపోయింది.

పాత ఏడు నెలల లెక్క తేల్చడానికి మూడు పూటలు కూర్చున్నాం. చేతికిచ్చిన అద్దెకి కిందాయన దగ్గర రసీదులున్నాయి, బతికిపోయాం. బాబాయిగారు సొంతంగా కట్టినవాటిలో రుజువున్నవన్నీ ఎస్టేట్ నుంచి తిరిగిచ్చాం. ఇంటర్నెట్ బిల్లు మొదటి నెలది మాత్రమే ఇచ్చాం. రద్దు చేయించడానికి నెల చాలు, మిగతా మూడు నెలలూ ఆయన అశ్రద్ధే. పన్ను మీద జరిమానా కూడా ఆయనే భరించాలని చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకున్నారు. "అన్నయ్య కోసం తిరిగినందుకు నాకు జరిమానానా?" అన్నారు. కూతురు వదిలేయమంది, కొడుకు వదలనన్నాడు. ఆయన కట్టేశారు. నా సలహా చట్టప్రకారం సరైందే. ఆ పూట మాత్రం నాకూ బాగా అనిపించలేదు.

కేవియట్ నిలవలేదు. చావు తర్వాత 19వ నెలలో ప్రొబేట్ వచ్చింది. ఎగ్జిక్యూటర్ ప్రొబేట్ వచ్చిన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో లెక్కలు కోర్టుకివ్వాలి (సెక్షన్ 317). మా నెలవారీ షీటే ఆ లెక్క అయింది. డిపాజిట్లు వెంటనే మొత్తం ఇచ్చేయమన్నాడు కొడుకు. రావాల్సిన పాత బిల్లులకి కొంత అట్టేపెట్టి మిగతాది ఇప్పించాను.

ఆఖరి లెక్క చూడ్డానికి కొడుకు ఒక్కడే వచ్చాడు. రెండు గంటలు ఒక్కో వరుసా వేలు పెట్టి చదివాడు. ఇంకేం గొడవ పెడతాడోనని నేను చూస్తున్నాను. 31 రోజుల కరెంటు బిల్లు దగ్గర ఆగి, "ఇది తప్పు" అన్నాడు. ఆయన పోయిన రోజును చావు తర్వాతి రోజుల్లో కలిపేశానట. ఆ ఒక్క రోజు ఇటు మారిస్తే అతని వాటా మీదే పడుతుందని, అది కూడా లెక్కలోకి రానంత చిన్న మొత్తమని చెప్పాను.

"పడనివ్వండి మేడమ్. ఆ రోజు రాత్రి తొమ్మిదింటి దాకా నాన్న ఉన్నాడు. ఆ ఫ్యాను ఆయన వేసుకున్నదే."

షీటులో 11ని కొట్టేసి 12 అని రాశాను. అటువైపు 19.